చివరి అంశం: ప్రమాణ స్వీకారం

బస్సు డ్రైవరుగా బతుకు వెళ్లదీస్తూనే అన్న రెండుసార్లు వార్డు సభ్యుడిగా గెలిచాడు. ఒకరోజు డిపోలో బండి పెట్టి, ఇంజను ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడని తోటివాళ్లు కదిలించలేదు. కదిలించేసరికి మనిషి లేడు.

ఆయనున్నన్నాళ్లూ పురపాలక సంఘంలో చైర్మన్ పాచిక పారలేదు. వార్డులోని చిన్న ఆసుపత్రిని ఎత్తేసి ఆ స్థలంలో దుకాణాలు కట్టాలని చైర్మన్ పట్టు. ఆ ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఒక్క ఓటు తేడాతో వీగిపోయేది. సభలో సగంమంది అటు, సగంమంది ఇటు. మధ్యలో గోడలా అన్న.

చెల్లెలు దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో తల్లి. తల్లి కాలి పుండుకి ఆ ఆసుపత్రిలోనే కట్టు కట్టేవారు. దినకర్మలయ్యాక చెల్లెలు మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి, ఖాళీ అయిన సీటుకి ఎన్నిక ఎప్పుడని అడిగింది.

"పదవీకాలం ఏడాదికి పైగా మిగిలుంటే ఎన్నిక పెట్టాలమ్మా. లోపుంటే మిగిలిన సభ్యులే ఒకరిని ఎన్నుకుంటారు," అన్నాడు కార్యదర్శి.

"ఇంకా ఏడాదికి పైనే ఉందిగా?"

"ఉంది. పై నుంచి ఉత్తర్వు రావాలి. సీటు ఖాళీగా ఉన్నంతకాలం మీ వార్డు విషయాలేవీ సభలో ఓటుకి పెట్టరులే."

ఆ మాట పట్టుకుని కాళ్లరిగేలా తిరిగింది. వెళ్లినప్పుడల్లా కార్యదర్శి కుర్చీ చూపించేవాడు, మంచినీళ్లు ఇప్పించేవాడు, ఉత్తర్వు ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. చివరికి మిగిలిన కాలం కాస్తా ఏడాదిలోపుకి జారింది. ఇక ఎన్నిక లేదు.

ఆ వారమే చైర్మన్ స్వయంగా ఆమె ఇంటికొచ్చాడు. మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ అన్నయ్యకీ నాకూ పడేది కాదమ్మా, దాచేదేముంది. కానీ ఆ కుర్చీలో ఇంకొకళ్లని చూడలేను. నువ్వే రావాలి."

"ఆసుపత్రి విషయంలో నా మాట కూడా మా అన్నయ్య మాటేనండీ. తరవాత నన్ననొద్దు."

"నీ ఓటు నీ ఇష్టం," అన్నాడాయన లేస్తూ.

వెనకగదిలోంచి తల్లి అంతా విన్నది. "అంత మెత్తగా మాట్లాడుతున్నాడేమే?" అంది.

"వార్డంతా నేనే రావాలంటోంటే తను మాత్రం ఏం చేస్తాడమ్మా," అంది కూతురు. ఆ పూట ఆమెకి ఆకలి కూడా బాగా వేసింది.

సమావేశం రోజున ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. మొదటి అంశంగా ఆమె పేరు చదివారు. అటువాళ్లూ ఇటువాళ్లూ చేతులెత్తారు. చప్పట్లు కొట్టారు. అన్న కుర్చీ కేసి నడవబోతే కార్యదర్శి అడ్డొచ్చి, సందర్శకుల బెంచీ చూపించాడు.

"ప్రమాణం చేసేదాకా ఇక్కడ కూర్చోవాలమ్మా. అది చివరి అంశం."

రెండో అంశం ఆసుపత్రి.

ఆమె లేచి నిలబడింది. "నేను ఈ వార్డు సభ్యురాలిని. నా ఓటు వ్యతిరేకం," అంది.

"ఎన్నికయ్యావు తల్లీ, కాబట్టి సీటు ఖాళీ కాదు. కానీ ప్రమాణం చెయ్యందే సభ్యురాలివి కావు. నిబంధన నేను రాసింది కాదు," అన్నాడు చైర్మన్ ఓర్పుగా. ముందు ప్రమాణం చేయించమని ఎదుటి పక్షం వాళ్లు బల్లలు గుద్దారు. అంశాల వరస మార్చాలంటే చైర్మన్ అనుమతి కావాలి. ఆయన ఇవ్వలేదు. చేతులు లెక్కపెడితే సగం సగం. సమానమైనప్పుడు చైర్మన్‌కి ఇంకో ఓటుంటుంది. ఆయన అది వేశాడు.

ఆ తరవాత ఆమెని పిలిచి ప్రమాణం చేయించారు. చదవాల్సిన వాక్యాలు చదివింది. ఏం చదివిందో ఆమెకే తెలియలేదు. పూలదండ వేసి ఫొటో తీశారు.

మర్నాడు పత్రికలో ఆ ఫొటో, పక్కనే ఆసుపత్రి మూసివేత వార్త. మధ్యాహ్నం తల్లిని కట్టు కోసం తీసుకెళితే, బీరువాలోని మందులు అట్టపెట్టెల్లోకి సర్దుతున్న నర్సమ్మ తలెత్తలేదు.

"నువ్వక్కడే ఉన్నావటగా," అంది.

"ఉన్నాను. నన్ను ఓటు వెయ్యనివ్వలేదు."

"దండ వేయించుకున్నావుగా మరి."

వరండాలో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నిబంధనలు, అంశాలు, వరస అంటూ మొదలుపెడితే అదంతా కార్యదర్శి మాటలాగే వినిపిస్తుందని ఆమెకే అనిపించింది.

ఆ సాయంత్రం రాజీనామా చేస్తానని కార్యదర్శికి చెప్పింది.

"చెయ్యొచ్చమ్మా. ఖాళీ వస్తే మళ్లీ మిగిలినవాళ్లే ఎన్నుకుంటారు. చైర్మన్ గారి బావమరిది ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు," అన్నాడతను. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆమె మీద జాలిపడ్డట్టున్నాడు.

ఆమె రాజీనామా చెయ్యలేదు. పదవీకాలం అయిపోయేదాకా ప్రతి సమావేశానికీ వెళ్లి అన్న కుర్చీలో కూర్చుంది. వీధి దీపాల మీద, చెత్త బండ్ల మీద చెయ్యెత్తింది. ఆసుపత్రి గోడలు కూలగొట్టేసరికి తల్లి కాలి మీద నిలబడలేని స్థితికొచ్చింది. కట్టు కోసం రెండు బస్సులు మారాలి. కుట్టడానికి బట్టలు తెచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు.