తాళాలాయన ఇంటి జడ్జి

తాళాలాయన కూతురికి కుదరబోయిన సంబంధాన్ని కుక్క చెడగొట్టిందట. ఈ మాట ఎదురింటి టైలరమ్మ మేడమీది నర్సుకు చెప్పింది. నర్సు డ్యూటీకి పోతూ పోతూ మందుల షాపతని చెవిన వేసింది. మందుల షాపు దాటేసరికి కథకు కాళ్ళూ చేతులూ మొలిచాయి. వచ్చిన అబ్బాయి చేత కుక్కకు నమస్కారం పెట్టించారట. కుక్క అతని కళ్ళలోకి మూడుసార్లు చూసి తల అడ్డంగా ఊపిందట. "అబ్బాయి చక్కనివాడేనమ్మా, ఉద్యోగమూ ఉంది. పాపం, కుక్క కంటికే ఆనలేదు" అని టైలరమ్మ మిషను తొక్కుతూ నిట్టూర్చిందట.

నమస్కారం మాట అబద్ధం. మిగిలింది ముప్పాతిక నిజం.

తాళాలాయనకు వీధి మలుపులో గుర్రబ్బండి వెడల్పున ఒక షాపు. ఒక గోడ నిండా తాళంచెవులు, రెండో గోడకు ఆయన వీపు. ముప్పై ఏళ్ళుగా జనం పోగొట్టుకున్న తాళంచెవులకు ఆకురాయితో మారుచెవులు అరగదీసి ఇస్తున్నాడు. ఎవడి ఇంటి చెవి ఎవడు చేయించుకుంటాడో కళ్ళారా చూసినవాడు కనుక, మనుషుల మీద ఆయనకు నమ్మకం లేదు. ఆ నమ్మకమంతా మూట గట్టి జంతువులకు ఇచ్చేశాడు. "మనిషి నోటితో వెయ్యి చెబుతాడు. జంతువుకు అబద్ధమాడటం రాదు. దాన్ని చూసి నేర్చుకోవాలి" అనేవాడు.

నేర్పించేవాడు కూడా. స్టవ్ మీద పాలు పెట్టి బయటికి వస్తే తలుపుకు తాళం దానంతటదే పడిపోయి, చొక్కా లేకుండా పరిగెత్తుకొచ్చిన మనిషికి కొంగ ఓపిక గురించి చెబుతూ మెల్లగా సంచీ సర్దుకునేవాడు. ఇంట్లో భార్య కోప్పడితే, కోపం తెప్పించింది తనే అయినా, "బల్లిని చూడు, తోక వదిలేసి హాయిగా పోతుంది. నువ్వూ అలా వదిలెయ్యాలి" అనేవాడు. వంటింటి గోడ మీద చీమలబారు కనిపిస్తే చీపురు పట్టనిచ్చేవాడు కాదు, "క్రమశిక్షణ అంటే అదే, చూసి నేర్చుకోండి" అని అడ్డం నిలబడేవాడు. చీమలకేం, నేర్పాల్సింది నేర్పి, పోతూ పోతూ చక్కెర డబ్బా ఖాళీ చేసి పోయాయి.

ఇక కుక్క సంగతి. అది జాతి కుక్క కాదు. ఒక వానరోజు షాపు మెట్టు మీదికి వచ్చి పడుకుంది, మళ్ళీ దిగలేదు. ఒక చెవి నిలబడుతుంది, ఒక చెవి పడుకుంటుంది. నర్సుకు ముందు ఆ మేడమీద అద్దెకు దిగిన ఒకాయన్ను చూసి అది వారం రోజులు మొరిగింది. నెల తిరక్కుండా ఆ మనిషి కుళాయిలూ బల్బులూ ఊడబీక్కుని చెప్పకుండా పోయాడు. ఆ పూటే తాళాలాయన దానికి జడ్జి అని పేరు పెట్టాడు. మరి సైకిలెత్తుకుపోయిన వాడి వెంట అదే జడ్జి తోకాడిస్తూ వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది కదా అని భార్య అడిగితే, "వాడికి ఎంత అవసరం పడిందో! ఆ లోతు మన కంటికి అందదు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. చుట్టం చూపుగా వచ్చినవాళ్ళను కూడా గోడ మీది అక్షరాలు చదవమంటుంది. నిరుడు జడ్జికి పిచ్చికుక్క టీకా వేయించడానికి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి కాంపౌండరు సూది వేశాడు. కుక్క వీధంతా వినిపించేలా ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో వీళ్ళిద్దరికీ మాట కలిసింది. ఏడాది గడిచాక ఆ అబ్బాయికి దూరపు ఆసుపత్రికి బదిలీ అయింది, నెలాఖరుకు వెళ్ళిపోవాలి. అప్పుడు అమ్మాయి తల్లితో చెప్పింది, తల్లి తండ్రితో చెప్పింది. "రమ్మను, జడ్జిగారు చూస్తారు" అన్నాడు తండ్రి.

ఆదివారం అబ్బాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే జడ్జి తోక కాళ్ళ సందున దోపుకుని, సోఫా కిందికి దూరి, అక్కడి నుంచి పళ్ళు చూపించింది. అతను టీ తాగినంతసేపూ సోఫా కింద ఉరుము ఉరుముతూనే ఉంది. లేచి నిలబడేసరికి సోఫా కింద జడ్జి చేసిన పనికి అతని మేజోడు తడిసి ఉంది.

అతను వీధి మలుపు తిరగగానే తాళాలాయన తీర్పు చదివాడు. "కుదరదు."

"నాన్నా, ఆయన దానికి సూది పొడిచాడు. గుర్తుపట్టదా మరి?"

"జంతువు సూదిని చూసి మొరగదమ్మాయ్. సూది వెనక చెయ్యి, చెయ్యి వెనక మనసు. ఆ మనసును చూసి మొరుగుతుంది."

"మీ మనసు చూసి అది రోజూ తోకాడిస్తోంది కదా" అంది భార్య, "మీ చేతిలో బిస్కెట్టు ఉండటం వల్ల కాదంటారు."

"గాడిదకేం తెలుసు గంధపు వాసన" అని ఆయన లేచి షాపుకు పోయాడు. అమ్మాయి నాలుగు రోజులు తండ్రితో మాట్లాడలేదు. రోజూ ఆయన కళ్ళజోడు తుడిచి ఇవ్వడం కూడా మానేసింది. మాసిన అద్దాల్లోంచి లోకం మసగ్గా కనిపిస్తుంటే ఆయనకు కాస్త గుచ్చుకుంది. ఇంట్లోవాళ్ళ నోరు మూయించాలంటే సాక్ష్యం కావాలి. ఆ కాంపౌండరులో ఏదో ఒక మచ్చ ఉండే ఉంటుంది, జడ్జికి ఊరికే తెలుస్తుందా! ఐదో రోజు పొద్దున్నే షాపుకని చెప్పి పశువుల ఆసుపత్రి దారి పట్టాడు.

చాటుగా చూద్దామని గేటు పక్కన నక్కాడు. కానీ కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు, ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో మేక కొమ్ము. తలెత్తి చూశాడు.

"మేస్త్రి గారూ! మంచి టైముకు వచ్చారండీ. ఈ వెనక కాళ్ళు కాస్త పట్టుకోండి."

చాటు మనిషి బట్టబయలయ్యాడు. కాళ్ళు పట్టుకున్నాడు. మేక తర్వాత దూడ, దూడ తర్వాత ఎవరిదో ముసలి పిల్లి. ఆ అబ్బాయి సూది వేసే ముందు ప్రతిదానికీ నుదురు గోకుతున్నాడు, "అయిపోయింది, అయిపోయిందిరా" అని అవ్వకముందే చెబుతున్నాడు. ఇదొక అబద్ధం దొరికింది అనుకున్నాడు తాళాలాయన. కానీ ఇంటికి పట్టుకెళ్ళి చూపించదగ్గంత పెద్దగా లేదు.

"అబ్బాయ్, ఇన్నేళ్ళు మూగజీవాల మధ్య ఉన్నావు. వాటి నుంచి ఏం నేర్చుకున్నావు?"

అబ్బాయి సూది దూదితో తుడుస్తూ బాగానే ఆలోచించాడు. "వెనక నుంచి వెళ్తే తంతాయండి."

"అది కాదయ్యా. జీవితానికి పనికొచ్చేది."

"నాకు చాలా పనికొచ్చిందండి. మోకాలు చూపించమంటారా?"

"పోనీ, చీమ? చీమ నుంచి?"

"చీమలు మా దగ్గరికి రావండీ."

తాళాలాయన నిట్టూర్చాడు. ఇంతలో సూది వేయించుకుని పక్కనే కట్టేసి ఉన్న దూడ కాలు విదిల్చింది. బల్ల మీది సీసా ఎగిరి ఆయన చొక్కా మీద పడింది, గోధుమరంగు మందు మెడ నుంచి మొలదాకా కారింది. కాంపౌండరు పరిగెత్తుకొచ్చి స్పిరిట్టుతో తుడిచాడు. మరక పోలేదు, స్పిరిట్టు వాసన మాత్రం అదనంగా చేరింది. "క్షమించండి మేస్త్రి గారూ" అని అతను పదిసార్లు అన్నాడు. పదోసారికి తాళాలాయనకు కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది. ఒక మచ్చ కోసం వచ్చినవాడు ఒళ్ళంతా మచ్చతో ఇంటికి బయల్దేరాడు.

మధ్యాహ్నం వీధి ఖాళీగా ఉంది, ఎదురింటి మిషను టకటక తప్ప చప్పుడు లేదు. ఆయన గేటు తీశాడు. మెట్ల మీద పడుకున్న జడ్జి అలవాటుగా తోక ఒకసారి నేలకేసి కొట్టింది. గాలి వీచింది. తోక ఆగిపోయింది.

లేచింది. తోక కాళ్ళ సందున దోపుకుంది. పళ్ళు బయటపెట్టి, ఉరిమి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్, నేనురా!"

జడ్జి ఒప్పుకోలేదు. ఆయన ఒక అడుగు వేస్తే అది రెండడుగులు మొరిగింది. జేబులోంచి బిస్కెట్టు తీసి విసిరాడు. బిస్కెట్టుకూ మందు అంటుకుని ఉంది. జడ్జి దాన్ని వాసన చూసి, లంచం ఇవ్వజూపినవాణ్ణి చూసినట్టు చూసి, ఇంకా గట్టిగా మొరిగింది. ఎదురింటి మిషను ఆగింది. కిటికీలో టైలరమ్మ తలా, దాని మీద మేడమీది నర్సు తలా కనిపించాయి.

భార్య గుమ్మంలోకి వచ్చి భర్తనూ కుక్కనూ మార్చి మార్చి చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, నాకే అంతు చిక్కలేదు. జడ్జిగారికి ఇవ్వాళ మీ మనసు కనిపించినట్టుంది."

"మనసేమిటే, మనసు! పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. మందు మీద పడింది. ఆ వాసనకు జడిసి మొరుగుతోంది, అంతే! వాసనకు మొరిగితే మనిషి చెడ్డవాడైపోతాడా?"

అనేశాక ఆ మాట ఎవరిదో ఆయనకు తెలిసింది. నాలుక కరుచుకున్నాడు. కానీ వీధికి వినపడ్డ మాటను వెనక్కి లాగే తాళంచెవి ఆయన గోడ మీద లేదు. భోజనానికి వచ్చిన కూతురు తల్లి వెనక నిలబడి అంతా వింటోంది. ముఖంలో నవ్వు లేదు.

తాళాలాయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కుక్క ఇంకా ఉరుముతూనే ఉంది. ఇంట్లోకి పోవాలంటే ఒక మాట అనాలి. ఆ మాట తల వంచుకుని అనడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు.

"సరే" అన్నాడు చివరికి, కూతురి వైపు చూడకుండా. "అబ్బాయి మరీ చెడ్డవాడేం కాదు. దూడను బాగా చూశాడు. కానీ ఇంత పెద్ద సంగతి, ఆలోచించాలి కదా! కుక్క మాట చెల్లదంటారు. అయితే ఇంకెవర్ని అడగమంటారు? కాకినా? పిల్లినా? ఎవర్ని అడిగి నిశ్చయించమంటారే?"

కూతురు మెట్లు దిగివచ్చి కుక్క మెడ పట్టుకుని పక్కకు లాగింది.

"అది కుక్క నాన్నా, దానికి మాటలు రావు. నాకు వచ్చు. నన్నడగలేదు నువ్వు."