అమ్మ తీసి నాన్న పెట్టు

మా ప్రింటింగ్ షాపు మా తమ్ముడు రాసిన ప్రోగ్రాంతోనే నడుస్తోంది. అందులో మౌస్‌కి పనిలేదు, అంతా కమాండ్లు టైపు చెయ్యడమే. క్యూలో ఉన్న పనుల్ని మార్చాలంటే ఒక్కొక్కటే తెరవాలి. ఆ రోజు కప్పుల ఆర్డరిచ్చినావిడ ఫోన్ చేసి, "అమ్మకు ప్రేమతో" అన్నచోటల్లా "నాన్నకు ప్రేమతో" అని పెట్టమంది. కప్పుకో బొమ్మ, బొమ్మకో పని. సగం కప్పులైనా కాకముందే నా ఓపిక నశించింది.

"ఒరేయ్, అన్నీ ఒకేసారి మారే ఏర్పాటు చేస్తావా, ఈ కీబోర్డుతో నెత్తిన రెండు తగిలించనా?"

వాడు సణుక్కుంటూనే కొత్త కమాండు రాసిచ్చాడు. ‘అమ్మ’ తీసి ‘నాన్న’ పెట్టమని కొట్టాను. రెప్పపాటులో అయిపోయింది. ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి మెషిన్లోంచి ఇంకెవరిదో బోర్డు బయటికొచ్చింది: "ఈ ఇల్లు నాన్నబడును."

గబగబా క్యూ చూశాను. "నాన్నకాల విభాగం." "నాన్నాయిల హాస్టల్."

"కప్పుల్లో మార్చమన్నానురా!"

"అన్నీ అన్నావక్కా."

"సరే, ముందు అన్నీ వెనక్కి మార్చి చావు!"

వాడు బుర్ర గోక్కున్నాడు.

"ఆ కమాండు ఇంకా రాయలేదు. ఇదే తిరగేసి కొడితే అసలు నాన్నలూ అమ్మలైపోతారు. ఒక్కొక్కటే తెరువు."