ఊపిరి వంతు

గురువారం సాయంత్రం ఐదు కాగానే చిన్నకోడలు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, షాపు తలుపుకి తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుని బయల్దేరుతుంది. డెబ్భై దగ్గర పడుతున్నా వీధి మొత్తానికి ఆమె చిన్నకోడలే. పెద్దకోడలు ఒకామె ఉండేది మరి. ఇద్దరూ అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే ఇంట్లోకి వచ్చారు. ఆ అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక కూడా ఇల్లు వదలకుండా, కింది గదిలో జిప్పులు మార్చే షాపు పెట్టుకుని బతికారు. వంటింట్లో మాత్రం ఇద్దరికీ ఒక్కపూట కూడా పడేది కాదు.

"మంచినీళ్ళకి కూడా మాడు వాసన తెప్పించగలవే నువ్వు," అనేది పెద్దామె.

"అయితే తాగకక్కా, గొంతు పాడవుతుంది," అనేది చిన్నామె.

గురువారం మాత్రం ఇద్దరూ ఒకే గొడుగు కింద క్వయర్‌కి, అదే బృందగానానికి, వెళ్ళేవారు.

క్వయర్ పాడేది ఫైర్ స్టేషన్ పైనున్న పొడుగాటి హాల్లో. మెట్లెక్కుతుంటే డీజిలు వాసన, తడి గొట్టాల వాసన. ఆడగొంతుల్లో అందరికంటే పై స్థాయిలో పాడేది సొప్రానోలు, వాళ్ళ కింద ఆల్టోలు, తర్వాత మగవాళ్ళలో టెనర్లు, అట్టడుగున బాస్ గొంతులు. బాస్‌లందరూ కింద స్టేషన్లో పనిచేసేవాళ్ళే. గంట మోగిందంటే పాట మధ్యలో లేచి దడదడ మెట్లు దిగిపోతారు. "పునాది పారిపోయింది, గోడలు పట్టుకోండి!" అని కండక్టరమ్మ అరుస్తుంది. సన్నటి కర్ర పట్టుకుని ముందు నిలబడి అందరినీ నడిపించేది ఆవిడే. "బస్సు కండక్టరు టికెట్టిచ్చి ఎక్కిస్తాడు. ఈవిడ టికెట్టు ఇవ్వదు, దింపడం మాత్రం దింపేస్తుంది," అని పెద్దకోడలు మెల్లగా అనేది.

తోడికోడళ్ళిద్దరూ ఆల్టోలు. ఆల్టో అంటే ఎవరికీ గుర్తుండని గొంతు. కచేరీ అయ్యాక జనం దారిలో కూనిరాగం తీసేది సొప్రానోల వరసే. ఆల్టో లేకపోతే ఏదో లోటుగా ఉందని అందరికీ అనిపిస్తుంది, ఏమిటా లోటంటే ఎవరూ చెప్పలేరు.

పొడుగు స్వరాలు వచ్చినప్పుడు వీళ్ళదొక ఒప్పందం. స్వరం తెగకూడదంటే ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. అందుకని పెద్దకోడలు ఊపిరి అందుకునే ముందు చిన్నకోడలి పక్కటెముకల్లో మోచేత్తో ఒక్క పోటు పొడిచేది. అంటే, నేను ఆగుతున్నాను, నువ్వు పట్టుకో అని. కాసేపటికి చిన్నకోడలు తిరిగి పొడిచేది, కొంచెం వడ్డీ కలిపి. విరామాలు వచ్చినప్పుడు బార్లు లెక్కపెట్టే పని మాత్రం ఎప్పుడూ చిన్నకోడలిదే. పాటని చిన్న చిన్న గదులుగా కోసే నిలువు గీతల మధ్య ఉండేదే బారు. అన్ని బార్లపాటు నోరు మూసుకుని ఉండమంటే పెద్దకోడలికి ప్రాణం మీదికొచ్చేది. "ఖాళీగా కూర్చోడం నాకు చేతకాదే," అని ఎప్పుడూ ముందే దూకేది.

ఆరేళ్ళ కింద పెద్దకోడలు పోయింది. ఆ తర్వాత మొదటి గురువారం చిన్నకోడలు గొడుగు ఒక్కతే పట్టుకుని వచ్చి, రెండో వరసలో తన కుర్చీలో కూర్చుంది. ఎడమ పక్క కుర్చీ ఖాళీ. పాట మొదలైంది. ఖాళీ కుర్చీలోంచి పెద్దకోడలి గొంతు వచ్చింది, ఎప్పట్లాగే కాస్త ముందుగా. ముందు వరస సొప్రానో ఒకామె వెనక్కి తిరిగి చూసి, ఆ కుర్చీ మీద పెట్టిన తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మరుసటి వారం ఎవరో ఆ కుర్చీని కిటికీ గాలి తగలకుండా కొంచెం లోపలికి జరిపారు.

కుర్చీ పాడేది, మాట్లాడేది కాదు. చిన్నకోడలి దిగులంతా అదే. ఆరేళ్ళుగా ఆ గొంతులో వినపడేవన్నీ దేవుడి మీదో వసంతం మీదో ఎవరో రాసిన మాటలు. పాటకీ పాటకీ మధ్య ఆమె చెవి అటు ఒగ్గి కూర్చునేది. ఒక్కసారి, ఒక్కసారి "మాడు వాసనే" అంటే చాలు. అనేది కాదు. ఇంకొకటి కూడా పోయింది, మోచేతి పోటు. కుర్చీకి ఊపిరి అవసరం ఏముంది? ఎంత పొడుగు స్వరమైనా తెగకుండా సాగేది. చిన్నకోడలు తనకి కావలసినప్పుడు ఊపిరి తీసుకునేది, మధ్యలో ఆగిపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

ఈ మధ్య ఆమె చాలాచోట్ల ఆగిపోతోంది. జిప్పు తలకిందులుగా కుట్టింది. ఒకసారి బుధవారం వచ్చి, తాళం వేసిన హాలు ముందు చాలాసేపు నిలబడింది. కింద బండి కడుగుతున్న ఫైర్ స్టేషన్ ఆయన చూసి, "అమ్మా, రేపు కదా," అంటే, "తెలుసులే నాయనా, మెట్లు అలవాటు తప్పకుండా ఎక్కాను," అని దిగిపోయింది. ఇంటికెళ్ళి ఏడ్చింది.

ఆ ఏడాది కండక్టరమ్మ వెయ్యేళ్ళ సంగీతాన్ని ఒక్క సాయంత్రంలో పాడిద్దామని పూనుకుంది. బోర్డు మీద అయిదు గీతలు గీసి చెప్పింది.

"మొదట్లో అందరిదీ ఒకటే వరస. వాయిద్యం లేదు, తాళం లేదు. రాతి గోడల మధ్య సన్యాసులు పాడుకున్నారు. తర్వాత ఎవరికో, దీని పక్కన ఇంకో గొంతు నడిస్తే బావుంటుందనిపించింది."

"పెళ్ళయిందన్నమాట," అన్నాడు టెనర్లలో ఉన్న మంగలాయన.

"అవును, అక్కణ్ణుంచే గొడవలు. రెండు నాలుగయ్యాయి. ఎవరి దారి వాళ్ళది, అయినా ఒకరికొకరు అడ్డం రాకుండా నడిచారు. బరోక్ కాలంలో ప్రతి స్వరానికీ నగలు పెట్టారు. క్లాసికల్ వాళ్ళొచ్చి నగలు తీసి, ప్రశ్నకి జవాబు చెప్పినట్టు పొందిగ్గా రాశారు. రొమాంటిక్ వాళ్ళు గుండెని అరచేతిలో పెట్టుకుని తిరిగారు. ఆ తర్వాత కొందరు అసలు ఇల్లే వదిలేశారు."

"ఇల్లంటే?" అంది చిన్నకోడలు.

"పాట ఎంత దూరం తిరిగినా చివరికి ఏ స్వరం దగ్గరికి చేరాలనిపిస్తుందో, అదే దానికి ఇల్లు, పిన్నిగారూ."

చివరి పాట కండక్టరమ్మ స్వయంగా రాసింది. అందులో మిగతా గొంతులన్నీ ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, కింది ఆల్టో మాత్రం మొదట కొన్ని బార్ల విరామం అయ్యాక ఆ ఇంటి స్వరాన్నే అందుకుని చివరిదాకా పట్టుకుని ఉండాలి, చాలా మెల్లగా, తెగకుండా. అందరూ తిరిగొచ్చేదాకా దీపం పెట్టుకుని కూర్చునే మనిషి ఒకరుండాలి కదా అంది. మిగతా ఆల్టోలకి వేరే వరస ఇచ్చి, ఆ స్వరాన్ని తోడికోడళ్ళిద్దరికే అప్పజెప్పింది.

మొదటి రిహార్సల్లోనే తేలిపోయింది, పెద్దకోడలు బతికుండగా నేర్చుకోని ఈ కొత్త పాట కుర్చీకి రాదు. అక్కణ్ణుంచి ఒక్క చప్పుడూ లేదు. చిన్నకోడలు లెక్క తప్పి నోరు తెరుచుకుని ఉండిపోయింది. పాట నడిమధ్యలో కూలింది.

అందరూ వెళ్ళాక కండక్టరమ్మ మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది. "పిన్నిగారూ, తప్పుగా అనుకోకండి. ఇన్నాళ్ళూ మీరు పాడుతున్నారా, కుర్చీ పాడుతుంటే వెంట నడుస్తున్నారా? నాకు తేడా తెలియడం లేదు."

చిన్నకోడలికీ తెలియడం లేదు. "చూద్దాంలే అమ్మా," అంది.

"కచేరీ ముందు ఆఖరి రిహార్సల్ చూసి చెప్తాను. కుదరకపోతే ముందు వరసలో మీకు మంచి సీటు ఉంచుతాను."

ముందు వరసలో సీటు. అంటే వినేవాళ్ళలో. అంటే అక్క పక్కన కుర్చీలో ఇంకెవరో.

మర్నాటి నుంచి మధ్యాహ్నం షాపు కట్టేసి, స్టేషన్ వాళ్ళని తాళం చెవి అడిగి, ఖాళీ హాల్లో కుర్చీ పక్కన కూర్చుని దానికి పాఠం మొదలుపెట్టింది. వెళ్ళేముందు ఆ రోజు ఏ వారమో ఎవరినో ఒకరిని అడిగేది. కోటు కుడి జేబులో గుండీలు పోసుకుంది. విరామం మొదలయ్యాక బారుకొక గుండీ ఎడమ జేబులోకి. కుడి జేబు ఖాళీ అయితే పాట అందుకోవాలి.

కొన్నాళ్ళకి కుర్చీ అందుకుంది, మూడు గుండీలు ముందుగా.

"ఆగవే తల్లీ!" అంది చిన్నకోడలు. అక్కని 'ఆగవే' అనడం అదే మొదటిసారి. అని నాలిక్కరుచుకుంది. "చచ్చినా నీ తొందర పోలేదు కదక్కా. మళ్ళీ. నాతోపాటు."

మళ్ళీ, మళ్ళీ. ఒక మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఒకే గుండీ మీద లేచారు.

ఆఖరి రిహార్సల్ రోజు కుడి జేబు ఖాళీ అయ్యింది. చిన్నకోడలు అందుకుంది, కుర్చీ అందుకుంది. ఇంటి స్వరం దీపంలా నిలబడింది. సొప్రానోలు దూరం వెళ్ళారు, టెనర్లు ఇంకా దూరం. సరిగ్గా అప్పుడు కింద గంట మోగింది. బాస్‌లు లేచి దడదడ దిగిపోయారు. టెనర్లు తడబడ్డారు. కండక్టరమ్మ కర్ర ఆపలేదు కానీ, కళ్ళు మాత్రం రెండో వరస మీదే ఉన్నాయి.

చిన్నకోడలి ఎడమ పక్కటెముకల్లో మోచేత్తో ఒక్క పోటు పడింది.

ఆరేళ్ళ బాకీ అంతా కలిపి పొడిచినట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అర్థమయ్యేలోపే కుర్చీ ఆగిపోయింది. ఊపిరి ఎందుకు కావలసొచ్చిందో ఆ కుర్చీకి. ఇప్పుడు హాల్లో ఆ స్వరం ఒక్క గొంతు మీదే ఉంది. సన్నగా, కాస్త వణుకుతూ, పడిపోకుండా. తిరగడానికి వెళ్ళినవాళ్ళందరూ దాన్ని విని ఒక్కొక్కరే దారి పట్టుకున్నారు. చిన్నకోడలు ఊపిరి అడుగంటేదాకా పట్టుకుంది. ఇక చాలదనిపించగానే మోచెయ్యి ఎత్తి ఖాళీ కుర్చీలోకి ఒక్క పోటు పొడిచింది, కొంచెం వడ్డీ కలిపి.

కుర్చీ అందుకుంది. స్వరం తెగలేదు.

పాట అయ్యాక కండక్టరమ్మ కాగితాలు సర్దుకుంది. "కచేరీ రోజు కాస్త ముందుగా రండి పిన్నిగారూ," అంది. "ఇద్దరూ."

ఆ రాత్రి బట్టలు మార్చుకుంటుంటే ఎడమ పక్కటెముకల మీద నీలంగా కమిలిన మచ్చ కనిపించింది. నొక్కి చూసుకుంది. నొప్పి పుట్టింది. మళ్ళీ నొక్కుకుంది.

ఇప్పుడు ఆమె ఏ రోజని ఎవరినీ అడగడం లేదు. నీలం మచ్చ మెల్లగా ఆకుపచ్చకి తిరుగుతుంది, ఆకుపచ్చ పసుపుకి. బాగా పసుపెక్కిన రోజు మిషను మీద గుడ్డ కప్పి, గొడుగు తీసుకుని, ఇంకో పోటు కోసం బయల్దేరుతుంది.