వర్తించదు

సీతాలు చెయ్యి తగిలిన చేప తింటే ఒంటి మీద పొలుసులు లేస్తాయని సీతమ్మధారలో మా వీధి వీధంతా నమ్ముతుంది.

జాలరి తాతబాబు భార్య సీతాలు ఏళ్ల తరబడి పెదజాలరిపేట నుంచి చేపలబుట్ట తెచ్చి, మా అపార్టుమెంటు గేటు పక్కన కూర్చుని, అడిగినవారికి అడిగినట్టు కోసి ఇచ్చేది. క్రమంగా ఆమె మోచేతుల మీద, ఆ తర్వాత అరచేతుల మీద ఎర్రని మచ్చలూ, వాటిపై తెల్లని పొలుసూ కనిపించాయి. ఆ రోజుల్లోనే రెండో అంతస్తు తిరుమలరావు గారికి చేతి మీద దద్దుర్లు వచ్చాయి. కొత్త సబ్బు పడలేదని ఆయన డాక్టరే చెప్పాడు. దద్దుర్లు వారం తిరక్కుండా పోయాయి. మాట మాత్రం ఉండిపోయింది.

సీతాలుకున్న సోరియాసిస్ అంటువ్యాధి కాదని అపార్టుమెంటు సమావేశంలో నేను వివరించాను. అందరూ మర్యాదగా విన్నారు.

"మీరు చెప్పింది నిజమే గురునాథరావు గారూ. కానీ మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా," అన్నారు ఎదురింటి పుష్ప గారు.

ఆ 'కానీ'తో సమావేశం ముగిసింది. సీతాలు రావడం మానేసింది. రెండేళ్లుగా బుట్ట ఆమె ఆడపడుచు సాయిదుర్గ తెస్తోంది. చేపలన్నీ ముందే కోసి, కడిగి, ఐసు మధ్య పేర్చి ఉంటాయి. గేటు దగ్గర నీచు వాసన ఉండటం లేదని అందరూ మెచ్చుకున్నారు.

"మీ వదిన మా వైపు రావడం లేదు కదా?" అని పుష్ప గారు అప్పుడప్పుడు అడుగుతారు.

"మా వదిన గడపే దాటదమ్మా. నీకు బయమొద్దు," అంటుంది సాయిదుర్గ.

ఉక్కు కర్మాగారం ప్రయోగశాలలో ఉద్యోగ విరమణ చేసిన తర్వాత నేను మద్దిలపాలెం దగ్గర ఒక ఆసుపత్రికి వెళ్తున్నాను. అక్కడి చర్మవ్యాధుల విభాగంలో, చదువు రాని రోగులకు ఒక ప్రశ్నాపత్రం చదివి వినిపించి, వారి జవాబులు గుర్తుపెట్టడం నా పని. చర్మం ఎంత పాడైందో డాక్టరు కంటితో చూసి చెప్పగలదు. దానివల్ల బతుకు ఎంత పాడైందో రోగే చెప్పాలి. అందుకోసం పది ప్రశ్నలు. 'చాలా' అంటే మూడు మార్కులు, 'కొంచెం' అంటే ఒకటి, 'లేదు' అంటే సున్నా. మార్కులు పెరిగేకొద్దీ బతుకు అంత దుర్భరమని అర్థం. బాధకు కొలత ఉండటం మంచిదేనని నా నమ్మకం. కొలవనిదాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఈ ఏడాది ఒక మందుల కంపెనీ సోరియాసిస్‌కు వాడే ఖరీదైన ఇంజెక్షన్లను కొందరికి ఉచితంగా ఇస్తానంది. షరతు ఒక్కటే, మార్కులు పది దాటాలి. సీతాలుకు పూతమందులు పనిచేయలేదు. మాత్రలు కాలేయానికి పడక ఆపేశారు. ఇక మిగిలింది ఆ ఇంజెక్షనే. నేనే కబురు పంపాను. తాతబాబు ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు.

చదివేవాడు ప్రశ్నను వివరించకూడదు, జవాబు సూచించకూడదు. అది నియమం.

"గత వారంలో చర్మం దురద, మంట, నొప్పి ఎంత ఉన్నాయి?"

"సానా. రాత్రులు గోడకేసి రాసుకుంటాను బాబూ."

మూడు వేశాను.

"చర్మం వల్ల నలుగురిలో సిగ్గుపడ్డారా?"

"నలుగురెక్కడున్నారు? నేదని రాసుకో."

"బజారుకు వెళ్లడానికి ఇబ్బంది పడ్డారా?"

"బజారుకి ఎల్లను కదా. నాకేటి ఇబ్బంది?"

ఆ గడిలో 'వర్తించదు' అని ఉంది. దానికీ సున్నాయే. అక్కడే గుర్తుపెట్టాను.

"పెళ్లిళ్లకు, పండగలకు వెళ్లడానికి?"

"పిలిత్తే కదా ఎల్లడానికి."

"ఆటలాడటానికి?"

సీతాలు నవ్వింది. "ఈ వయసులో నన్ను కబడ్డీ ఆడమంటావేటి బాబూ?"

"ఆడితే నిన్ను ముట్టుకోడానికి ఎవుడొత్తాడే? నువ్వే గెలుత్తావు," అన్నాడు తాతబాబు. ఆమె ఇంకా నవ్వింది. అతను నవ్వలేదు.

"పని మానుకోవలసి వచ్చిందా?"

"సేత్తన్నాను బాబూ. ఇంటికాడే."

భార్యాభర్తల సంబంధం గురించిన ప్రశ్న చదువుతున్నప్పుడు తాతబాబు కిటికీ వైపు తిరిగాడు.

"నాను బోటులో పడుకుంటాను. పక్కన ఒల్లు తగిల్తే దానికి రగతం వత్తాది," అన్నాడు.

వర్తించదు.

మిగిలిన ప్రశ్నలకు వచ్చిన మూడు కలిపి మొత్తం ఆరు వచ్చింది. రెండేళ్ల కిందట, ఆమె ఇంకా బుట్ట మోస్తూ, బస్సెక్కుతూ, మా గేటు దగ్గర మాటలు పడుతున్న రోజుల్లో, అదే ప్రశ్నాపత్రంలో పంతొమ్మిది వచ్చింది. అప్పుడు ఇంజెక్షన్లు లేవు. ఇప్పుడు ఆమె పేరు ఎదుట కంప్యూటరు ఆకుపచ్చ రంగులో 'మెరుగుపడింది' అని చూపించింది.

నేను మా విభాగం చూసే డాక్టర్ సత్యశ్రీ గదికి వెళ్లాను.

"మా ల్యాబుకి కొలిమి నుంచి నమూనా రాకపోతే, గంధకం సున్నా అని రాసేవాళ్లం కాదు డాక్టరు గారూ. నమూనా రాలేదని రాసేవాళ్లం. సున్నా అని రాస్తే, గంధకం ఎక్కువై పెళుసెక్కిన ఉక్కు కూడా వంతెనకు వెళ్తుంది."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"తెలుసండీ. ఈ లోపం గురించి మా వాళ్లూ మొత్తుకుంటున్నారు. కంపెనీ చూసేది అంకె. అది నేను నా చేత్తో మార్చానంటే ఇక్కడి రోగులందరినీ ఉచిత ఇంజెక్షన్ల జాబితా నుంచి తప్పిస్తారు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ అడగొచ్చు."

"అప్పటికి ఇంజెక్షన్లు మిగులుతాయా?"

ఆమె కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని తర్వాతి రోగిని పిలిచింది.

ఆ చోటు జయంత్ అనే బ్యాంకు ఉద్యోగికి దక్కింది. అతనికి పద్దెనిమిది మార్కులు. అతని బాధ అబద్ధం కాదు. స్నేహితులు దూరమవుతున్నారని చెప్పి నా ముందే ఏడ్చాడు. చేజారిపోతున్నది ఆ కాగితానికి తెలుస్తుంది. ఎప్పుడో చేజారిపోయినది తెలియదు.

మర్నాడు ఉదయం కబురు చెప్పడానికి పెదజాలరిపేట వెళ్లాను. తాతబాబు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు.

"మార్కులు సాలనేదా? మా ఇంట్లో ఎవులం ఏ పరీచ్చా పాసవనేదు బాబూ," అన్నాడు. ఆ తర్వాత చేతిలోని వలను కింద పెట్టాడు. "ఇంక దాని బతుకు ఇంతేనా?"

నేను పెరటి వైపు నడిచాను.

సీతాలు పెరట్లో ఉంది. చేతులకు పాత గుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, కత్తిపీట ముందు చేపలు కోస్తోంది. విషయం విని తల ఊపింది. పని ఆపలేదు.

"ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్దాం. బజారుకు ఎందుకు వెళ్లడం లేదో అప్పుడు చెబుదువు గాని," అన్నాను.

"ఎందుకెల్లవని మీ కాయితం అడగనేదు కదా బాబూ."

"ఈసారి నేను అడుగుతాను."

"వొద్దు. మల్లీ నాను రాను. ఒక్కసారి ఆశపడ్డాను, సాలు." కత్తి మీద నుంచి పొలుసులు రాల్చింది. "నాకున్నన్ని పొలుసులు ఈ సేపలకి నేవు. గీరేత్తే ఆటికి పోతాయి, నాకు పోవు."

సాయిదుర్గ బుట్ట తెచ్చి పక్కన పెట్టింది. సీతాలు ముక్కలు కడిగి అందిస్తుంటే ఆమె ఐసు మధ్య పేరుస్తోంది. ఆ బుట్ట అంచుకు కట్టిన నీలిరంగు తాడు నాకు బాగా తెలుసు.

"ఇది మా వీధికేనా?" అని అడిగాను.

సాయిదుర్గ చేతులు ఆగిపోయాయి.

"రోజూ మీ వదినే కోస్తుందా?"

"మరెవులు కోత్తారు బాబూ? నాకు బుట్ట మొయ్యడమే వచ్చు."

సీతాలు మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది.

"అక్కడ సెప్పకు బాబూ. సెప్తే ఈ పని కూడా పోతాది."

చెప్పనన్నాను. అంటుకుంటుందనడానికి రుజువు లేదని ఇన్నేళ్లూ వాదిస్తూ వచ్చిన నాకు, అంటుకోదనడానికే రుజువు దొరికింది. దాన్ని బయటపెట్టే దారి లేదు. సాయిదుర్గ బుట్ట నెత్తికెత్తుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.

రెండేళ్లుగా మా వీధి తిన్న ప్రతి చేపనూ కోసి కడిగినవి సీతాలు చేతులే. ఇంతవరకూ అక్కడ ఎవరి ఒంటి మీదా ఒక్క పొలుసు లేవలేదు.