గాజు గొట్టంలో ఎంటికలు

నా కొడుక్కి మందు పెట్టిందబ్బా అది! ఏ మందంటారా? మొగుడు పెండ్లాం మాట తప్ప ఇంకెవురి మాటా వినకుండా, అది తన ఎంటికలు కూట్లో కలిపి పెట్టే మందు. లేకపోతే మగ్గాలాడే ఇంట్లో పుట్టిన కొడుకు తల్లి మొకం మీద "మేం వేరుపడతామమ్మా" అంటాడా? ఈ నగరిలో ఈ చౌడేశ్వరమ్మ కొడుకు, నా జయచంద్ర అన్నాడు. వాని పెండ్లాం కోమలి వాకిట్లో నిలబడి వింటానే ఉండాది, ముంగి మాదిరి.

పుత్తూరు తట్టు మందు కక్కించేవాని దగ్గరికి మా వాన్ని తీసకపోయినా. పసురు తాగిస్తే వీడు పైత్యం కక్కినాడే గానీ మందు పడలా. అప్పుడు ఎదురింటి సంతోషమ్మ చెప్పింది. తిరపతిలో అలిపిరి దోవలో ఒక ఆసుపత్రి ఉండాదంట, కింద నుంచి నీళ్ళు పంపి పేగులు కడుగుతారంట, పోయేదంతా గాజు గొట్టంలో కండ్లారా సూడొచ్చంట. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఈడ గొట్టంలోనే పడుతుందంటే ఇంకేం కావాల?

"మందు పడిందా, తిరపతి నుంచి అట్నే మీ నాయన ఇంటికి పో. పడలేదా, వేరు కాపురం పెట్టుకోండి" అని కోమలికి తెగేసి చెప్పినా. "సరే అత్తా" అనింది. దాని పొగరు సూడు!

పడుతుందని నాకెందుకంత ధైర్యమంటే, మా ఇంట్లో తల దువ్వుకున్నాక రాలిన ఎంటికలు ఉండ చుట్టి గోడ సందులో దోపుతాం, స్టీలు గిన్నెలోడు వస్తే ఏసి గిన్నె తీసుకునేదానికి. ఆ సందులో నుంచి కోమలి ఎంటికల ఉండ ఒకటి లాగి, ముక్కలు చేసి, మొన్న రాత్రి వాని సంగటి ముద్దలో పిసికినా. సంగటి ఎవురు నములుతారు? మింగేసినాడు. తప్పేముంది? అది మందు పెట్టింది నిజం. నేను సాక్ష్యం పెట్టినా, అంతే.

ఆ ఆసుపత్రిలో నీళ్ళ పని సూసే పిల్ల పేరు హేమశ్రీ. మొలలున్నాయా, పేగు ఆపరేషనేమన్నా అయ్యిందా, గుండె జబ్బా, కిడ్నీల జబ్బా అని వాన్ని గుచ్చి గుచ్చి అడిగింది. "ఉంటే ఇది చెయ్యం అన్నా, ప్రాణం మీదికొస్తాది. లేకపోయినా, దీంతో రోగాలు పోతాయని నేను చెప్పను" అనింది.

"రోగాల సంగతి ఎవురికి కావాల, నీళ్ళు వదులమ్మీ" అన్నా.

తొట్టి మాదిరి మంచం. గోడకు నీళ్ళ ట్యాంకు. మనిషి ఎల్లకిలా పండుకోని, పెన్సిలంత లావు కూడా లేని కొత్త గొట్టం తానే పెట్టుకోవాల. తోసే మిషను, లాగే మిషను ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్ళు వాటంతటవే దిగతాయి. ముక్కితే గొట్టం పక్క నుంచే అంతా తొట్టిలో పడి, లైటు పెట్టిన గాజు గొట్టంలోకి పోతుంది. పండుకున్నోనికి కూడా కనపడేట్టు ఎదురుగా అద్దం పెట్టినారు. వానికి దుప్పటి కప్పినాక, హేమశ్రీ వద్దు వద్దంటున్నా కోమలి రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చినా. వాడు సిగ్గుతో కండ్లు మూసుకున్నాడు. మూసుకోనీ అనుకున్నా.

కొంచేపటికి వచ్చినాయి. పోగులు పోగులుగా ఎంటికలు!

"నేను చెప్పలా? కండ్లు తెరువురా! సూడు, నీ పెండ్లాం పెట్టిన మందు!" అని అరిచినా. "నీ సంచి తీసుకోవే" అని కోమలిని తోసినా.

అది కదల్లేదు. గొట్టం మీదికి వంగి సూసింది. "అత్తా, నా జుట్టు నలుపు గదా" అనింది.

ఆ లైటు పాడుగాను! ఇంట్లో చీకటి గోడ దగ్గర ఏ ఉండైనా ఒకటే మాదిరి కనపడింది. ఈడ ఒక్కో ఎంటిక సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు. మా ఇంట్లో తలకు గోరింటాకు పెట్టేది నేనొక్కదాన్నే.

జయచంద్ర అద్దంలో గొట్టాన్ని సూసినాడు. మెల్లగా తల తిప్పి నా కొప్పు సూసినాడు.

"అది కాదు నాయనా..." అన్నా. సంగటిలో కలిపినానని చెప్పినా, చెప్పకపోయినా పెట్టినదాన్ని నేనే అవుతా.

"చిన్నప్పటి నుంచీ పెడతానే ఉన్నావా అమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండు. "అందుకేనా ఇన్నేండ్లూ నువ్వు ఎండంటే ఎండ, వానంటే వాన అన్నాను?"

నేను కన్న బిడ్డబ్బా వాడు!

వాడు హేమశ్రీ తట్టు తిరిగినాడు.

"ఇంకో ట్యాంకు వదలండి మేడం. ఈమెది ఒక్క పోగు కూడా లోపల మిగలకూడదు" అన్నాడు.