ఆడని ఎత్తు

నేను ఒక చదరంగపు గడియారాన్ని. ఒకే చెక్కపెట్టెలో రెండు ముఖాలు, నెత్తిన రెండు మీటలు. ఎత్తు వేసినవాడు తన వైపు మీట నొక్కితే వాడి ముల్లు ఆగి, ఎదుటివాడి ముల్లు కదులుతుంది. గడువు దగ్గరపడగానే చిన్న ఎర్రరేకు పైకి లేస్తుంది. గడువు తీరగానే కింద పడుతుంది. రేకు పడ్డవాడు ఓడినట్టే. ఇంత తేలికైన ఏర్పాటును కూడా మనుషులు తిన్నగా వాడుకోలేకపోయారు.

కార్ఖానాలో నన్ను బిగించినతనికి చదరంగం రాదు. రెండు ముఖాలూ ఒకే వేగంతో నడుస్తున్నాయో లేదో చెవి ఆనించి విని పక్కన పెట్టాడు. నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి మళ్ళీ నాకు తగల్లేదు.

బెజవాడ దుకాణంలో నన్ను కొన్నది తాతారావుగారు. ఆయన తణుకులో బియ్యం వ్యాపారి. రీడింగ్ రూము మేడమీద నడిచే చదరంగం క్లబ్బుకి అధ్యక్షుడు కూడా. ఏటా పోటీ పెట్టేదీ ఆయనే, కప్పు కొనేదీ ఆయనే, దాన్ని ఇంటికి పట్టుకుపోయేదీ ఆయనే. అలాగని ఆయన ఆట గొప్పదేమీ కాదు. ఎదుటివాడు ఆలోచిస్తుంటే దగ్గడం, పక్కవాళ్ళతో నవ్వడం, నా మీటను చెంపదెబ్బలా కొట్టడం, ఇదే ఆయన విద్య. క్లబ్బులో సగం మంది ఆయన దగ్గర బియ్యం తెచ్చుకునేవాళ్ళే కాబట్టి ఆ విద్య చక్కగా పనిచేసేది.

ఒక ఏడు పోటీకి ఒక మనిషి తక్కువయ్యాడు. తాతారావుగారు తన వియ్యంకుడు భూషణానికి కబురు చేశారు. భూషణానిది మందుల షాపు. అతని ఒక్క కూతురు హైమ ఈయనగారి కోడలు. భూషణానికి బంటు ఎటు నడుస్తుందో కూడా తెలీదు.

"అయ్ బాబోయ్, నాకేటొచ్చండీ బావగారూ!"

"ఓడిపోడానికి పెద్ద చదువేం అక్కర్లేదండీ. ఈ గడియారం పట్టుకెళ్ళి అలవాటు చేసుకోండి," అన్నారు తాతారావుగారు.

అలా నేను మందుల షాపు బల్ల మీదికి చేరాను. భూషణం తయారీ చూస్తే నా స్ప్రింగు సిగ్గుతో బిగుసుకుపోయేది. ఎత్తు వేసి మీట నొక్కడం మరిచిపోయేవాడు. గుర్తొచ్చి నొక్కితే, ఎత్తు వేయడం మరిచిపోయేవాడు. గుర్రాన్ని ఎటు దూకించాలో తెలియక వేలితో గళ్ళు లెక్కపెట్టుకునేవాడు. జ్వరం బిళ్ళల కోసం వచ్చినవాళ్ళు నిలబడి నిలబడి పక్క షాపుకి పోయేవారు. వియ్యంకుడి మెప్పు కోసం ఒక మనిషి ఇంత అవస్థ పడటం చూసి నాకు రోత పుట్టింది.

అయితే కొన్నాళ్ళకి అతను వేలు ఎత్తకుండానే గళ్ళు చూడసాగాడు. ఒక మధ్యాహ్నం, తనతో తనే ఆడుకుంటూ ఏనుగును బలిచ్చి రాజును కట్టేశాడు. కట్టేసి, ఎవరైనా చూశారేమోనన్నట్టు సిగ్గుపడ్డాడు. కేరేజీ తెచ్చిన అతని భార్య అనసూయ చూడనే చూసింది.

"సరదాగా ఆడండి గానీ, ఆయన మీద మాత్రం గెలిచేరు! రేపు పిల్ల ఆ ఇంట్లో మసలాలి," అంది.

"నాకంత ఆటెక్కడుందే," అన్నాడు భూషణం. అబద్ధమని అతనికీ తెలుసు.

పోటీలో చీట్లు తీస్తే మొదటి ఆటే వియ్యంకులిద్దరికీ పడింది. తాతారావుగారు చకచకా ఎత్తులు వేసి, లేచి, బల్లల చుట్టూ పెత్తనం చేసి వస్తున్నారు. ఒకసారి అలా తిరిగొచ్చి, బోర్డు సరిగా చూడకుండానే మంత్రితో ఒక బంటును కొట్టారు. దాంతో ఆయన రాజుకు కాపలా పోయింది. భూషణం మంత్రి ఒక్క గడి జరిగితే ఆటకట్టు.

భూషణం చెయ్యి మంత్రి దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే హైమ మావగారికి కాఫీ ఫ్లాస్కు తెచ్చి, తండ్రి కుర్చీ వెనక నిలబడింది. అతను తల తిప్పి కూతుర్ని చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

నా ఎర్రరేకు లేచింది. ఎదురుగా ఆటకట్టు పెట్టుకుని ఆ మనిషి నా వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏవండీ, నిద్రొస్తందా? మా బావగారికి పెళ్ళి మాటల్నాడూ ఇంతేనండీ, నోరే పెగల్లేదు!" తాతారావుగారు గట్టిగా నవ్వారు. బియ్యం బాకీలవాళ్ళంతా నవ్వారు.

రేకు పడింది. భూషణం లేచి చేతులు జోడించాడు. పిరికితనానికి నన్ను అడ్డం పెట్టుకుని, దానికి మర్యాద అని పేరు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కప్పు మామూలుగానే తాతారావుగారింటికి వెళ్ళింది.

నన్నూ ఆ ఇంటికే తీసుకెళ్ళారు. మర్నాడు తాతారావుగారు గెలిచిన ఆటను కొడుక్కి చూపించి మురిసిపోదామని పావులు పేర్చారు. పేర్చినవారు పేర్చినట్టే ఆగిపోయారు. కాసేపటికి కోడల్ని పిలిచారు.

"మీ నాన్నకి ఈ ఆటకట్టు కనపళ్ళేదంటావా?"

హైమ రోజూ ఆ ఇంట్లో ఆటలు చూసి నేర్చుకున్నదే. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ తెలీదు.

"కనపడిందండీ మావయ్యగారూ. చెయ్యి మంత్రి దాకా వెళ్ళి ఆగిపోయింది," అంది.

ఆయన ముఖం మాడిపోయింది. ఆ తర్వాత నేను ఎదురుపడితే చాలు, చూపు తిప్పుకునేవారు. చివరికి, "ఇది మీ నాన్నకిచ్చెయ్," అని కోడలి చేతిలో పెట్టారు. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాక నన్ను పంపిన ఘనుడు!

షాపు బల్ల మీద నన్ను పెడుతూ హైమ అడిగింది. "ఆ రోజు ఎందుకు ఆడలేదు నాన్నా?"

"నువ్వు వెనకాల నిలబడ్డావు కదమ్మా."

"గెలుస్తావనే నిలబడ్డాను నాన్నా."

భూషణం నా అద్దాన్ని పంచె చెంగుతో తుడుస్తూ ఉండిపోయాడు, అది ఎప్పుడో శుభ్రమైనా.

ఇప్పుడు నేను దగ్గుమందు సీసాల వెనక ఉన్నాను. నాకు ఎవరూ కీ ఇవ్వరు. ఆదివారాలు హైమ వచ్చి తండ్రితో ఆడుతుంది. ఆయన ఎంతసేపు ఆలోచించినా ఊరుకుంటుంది. ఆ తర్వాత ఏ మొహమాటమూ లేకుండా ఓడించి, మళ్ళీ పావులు పేర్చమంటుంది.