నలభై మూడు ఎర్ర గడులు

నాయబ్ సుబేదార్ నరసింగరావుకి సముద్రం కొత్త. పుట్టింది ఎచ్చెర్ల దగ్గర మెట్ట పల్లెలోనే. సైకిలెక్కితే ఒక పూటలో కెరటం దగ్గరికి పోయి రావచ్చు. కానీ నువ్వులూ గోగూ పండించుకునే ఇంట్లో సముద్రంతో ఎవరికీ పనిపడలేదు. పద్దెనిమిదేళ్ళకి పటాలంలో చేరాక ఇరవై నాలుగేళ్ళు మంచుకొండల మీదే గడిచిపోయాయి. అక్కడ అతని పని చూడటం. ఎదుటి కొండ మీద నిన్న ఉన్న రాయి ఇవాళా అక్కడే ఉందా అని గంటల తరబడి చూడటం. చూడగా చూడగా ఆ తెలుపు పూతకొచ్చిన నువ్వుచేనులా కదిలేది. అప్పుడొకసారి కళ్ళు మూసి తెరిచి, మళ్ళీ చూసేవాడు.

ఈ ఏడాది పటాలాన్ని కొండ దింపి తీరానికి తెచ్చారు. ఇకమీద నీళ్ళ మీంచి ఒడ్డెక్కి పోరాడటం నేర్చుకోవాలన్నారు. శ్రీకూర్మానికి తూర్పున సరుగుడు తోటలో గుడారాలు లేచాయి. నరసింగరావు చేతికి బైనాక్యులర్స్ బదులు ఒక తెర వచ్చింది. పైన డ్రోన్ ఎగురుతూ సముద్రాన్ని చూపిస్తుంది. నీళ్ళలో తగిలితే పేలే మైను ఉందని అనుమానం వస్తే యంత్రమే దాని చుట్టూ ఎర్ర గడి గీస్తుంది. తెర ముందు కూర్చున్న మనిషి 'సరే' నొక్కితే, మనిషి లేని చిన్న పడవలు వెళ్ళి ఆ గడుల్లో మందు పేల్చి దారి చేస్తాయి. వాటి వెనకాల జవాన్ల పడవలు వస్తాయి.

ఇదంతా నేర్పింది కెప్టెన్ ఆమని. విజయనగరంలో తరతరాలుగా వయొలిన్ నేర్పే ఇంటి పిల్ల. ఇరవయ్యేడేళ్ళుంటాయి.

"చాలా సులువు సాబ్. చూసేది యంత్రం, ఒప్పుకునేది మీరు," అంది మొదటి రోజు.

"సూడకుండా ఎలా ఒప్పుకుంటాను మేడమ్?" అన్నాడు నరసింగరావు.

ఆమె నవ్వి తెర వెలిగించింది.

పెద్ద విన్యాసం ఫిబ్రవరిలో ఒక ఉదయం జరిగింది. మంచు అప్పుడప్పుడే విడుతోంది. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత లేదు. ఎక్కడో మరపడవ చప్పుడు గాల్లోంచి వస్తోందో నీళ్ళలోంచి వస్తోందో తెలియడం లేదు. నీళ్ళలో ఎన్నో కొన్ని ఉత్తుత్తి మైన్లు ముందే వదిలారు. ఎన్ని వదిలారో పైనుంచి వచ్చిన న్యాయనిర్ణేత కర్నల్ గారికి తప్ప ఎవరికీ తెలియదు. మందు మాత్రం నిజంది.

డ్రోన్ కెరటాల మీదికి వెళ్ళగానే తెర మీద ఒక ఎర్ర గడి వెలిగింది. తర్వాత మూడు. తర్వాత లెక్క అందలేదు. ఎవరో గుప్పెడు కుంకుమ చల్లినట్టు నీళ్ళంతా ఎర్రబడ్డాయి. నలభై మూడని చూపించింది యంత్రం. పక్కనే తొంభై సెకన్లు వెనక్కి లెక్కపెడుతున్నాయి.

నరసింగరావు 'సరే' మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. అలవాటుకొద్దీ కళ్ళు మూసి తెరిచాడు.

బూడిదరంగు నీళ్ళ మీద గుండ్రటి మచ్చలు తేలుతున్నాయి. అన్నీ నిద్రలో ఉన్నట్టున్నాయి. వాటిలో ఒకదాని ముందు చిటికెనవేలంత నలుపు పైకి లేచి మళ్ళీ మునిగింది. కాసేపటికి ఇంకోదాని ముందు. చూస్తుండగా ఆ నీళ్ళన్నీ మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. కొండమీది కాపలా గుడిసెలో, పక్కన నిద్రపోయే జవాన్ల గుండెలు దుప్పట్ల కింద ఇలాగే లేచి దిగేవి. నరసింగరావు వేలు తీసేశాడు.

"మేడమ్, ఇవి బతికున్నాయి."

"ఏమిటి సాబ్?"

"తాబేళ్ళు. తల ఎత్తి ఊపిరి తీసుకుంటన్నాయి. అదిగో, సూడండి."

ఆమని తెర మీదికి వంగింది. "అన్నీనా?"

"అన్నీ కావు. అదే సూడాలి."

సమయం ముగిసిందని యంత్రం గంట కొట్టింది. ఆమని చెయ్యి చాచి ఆ గంట ఆపేసింది. నరసింగరావు ఒక్కొక్క గడినే చూశాడు. తల ఎత్తినదాన్నల్లా వదిలేశాడు. ఆరు నిమిషాల తర్వాత తెర మీద నాలుగు గడులు మిగిలాయి. అప్పుడు 'సరే' నొక్కాడు. నాలుగుచోట్ల నీళ్ళు తెల్లగా లేచి పడ్డాయి. ఆ చప్పుడుకి మిగతా మచ్చలన్నీ చటుక్కున మునిగిపోయాయి.

మునగకుండా ఒక్కటి మిగిలింది. నరసింగరావు దాన్ని చూసేసరికే జవాన్ల మూడో పడవ దాని మీంచి పోయింది.

ఉత్తుత్తి మైను గనక పసుప్పచ్చ పొగ తప్ప మరేం రాలేదు. కానీ రూలు రూలే. ఆ పడవలోని ఎనిమిది మందికీ కర్నల్ గారు తెల్లగుడ్డ కట్టించి ఇసకలో వరసగా పడుకోబెట్టించారు. వాళ్ళు ఒకరినొకరు గోకి నవ్వుకుంటున్నారు. చివరి జవాను వెంకీ కళ్ళు గట్టిగా మూసుకుని శవంలా నటిస్తున్నాడు. నరసింగరావుకి నవ్వు రాలేదు. మంచు విడిపోయి ఎండ ఆ తెల్లగుడ్డల మీద పడేదాకా అక్కడే నిలబడ్డాడు.

"ఆరు నిమిషాలు. యుద్ధంలో శత్రువు అంతసేపు ఊరుకోడు," అన్నారు కర్నల్ గారు. మళ్ళీ తనే, "కానీ ముప్ఫై ఎనిమిది చోట్ల ఊరికే మందు పేల్చి, మన రాక మనమే చాటుకునేవాళ్ళం. అదీ నిజమే," అన్నారు.

ఆ సాయంత్రం చీపురుపల్లిలో ఉన్న భార్య సుహాసినికి ఫోన్ చేశాడు.

"కూర్మనాథుడి ఊళ్ళో తాబేల్ని సూసి బాంబనుకున్నాదేటి మీ మిషను?" అందామె.

"అది తాబేల్ని బాంబనుకున్నాది. నేను బాంబుని తాబేలనుకున్నాను. ఎనిమిది మందిని సంపేసేను సుహాసినీ."

"నిజంగా సావలేదు గదా. ఎందుకు తప్పు సూసేవో రేపు సూసుకో. ముందు అన్నం తిను."

మర్నాడు ఆమని ఆ వీడియో తెచ్చి పెట్టింది. తప్పిపోయిన ఆ ఒక్క మచ్చనీ నరసింగరావు పూటంతా చూశాడు. దాని పక్కనే ఒక తాబేలు తేలుతోంది. అది ఎత్తిన తలనే ఇతను మైనుకి అంటగట్టాడు. మైను లేచి దిగింది నిజమే గాని, కెరటం లేపితే లేచింది. తాబేలు లేచేది తన ఊపిరి కోసం.

"మీకు తెలిసింది గదా సాబ్, ఈ యంత్రానిక్కూడా చెప్పండి," అంది ఆమని.

అలా మొదలైంది. రోజూ తెర ముందు కూర్చుని పాత చిత్రాలు ఒక్కొక్కటీ చూసి ఇది తాబేలు, ఇది మైను, ఇది వలకి కట్టి తేలేసే బెండు అని యంత్రానికి గుర్తులు పెట్టాడు. అది తప్పు చెబితే దిద్దాడు. ఒక్కోసారి అది ముందు చెప్పేది, ఇతను తర్వాత పోల్చుకునేవాడు. కళ్ళు మంటెక్కినప్పుడు ఆమని ఏదో రాగం కూనిరాగంగా తీసేది. సరుగుళ్ళ హోరు దానికి శ్రుతిలా ఉండేది. నిద్రపోతే కలలో కూడా బూడిదరంగు నీళ్ళే. వాటి మీద తాబేళ్ళు నువ్వుపూలలా విచ్చుకుని ముడుచుకుంటుండేవి.

మార్చిలో మళ్ళీ విన్యాసం పెట్టారు. ఈసారి తెర మీద ఆరు ఎర్ర గడులు, తాబేళ్ళ చుట్టూ ఇరవై తొమ్మిది పచ్చ గడులు వెలిగాయి. ఇంకో రెండు మచ్చల పక్కన మాత్రం యంత్రం 'మీరు చూడండి' అని అడిగింది. నరసింగరావు చూశాడు. ఒకటి వల బెండు, ఒకటి మైను. నిమిషం ఇరవై సెకన్లలో 'సరే' నొక్కాడు. ఏడుచోట్ల నీళ్ళు లేచాయి. జవాన్ల పడవలు పచ్చ గడుల్ని తప్పించుకుంటూ, పాము పాకినట్టు మెలికలు తిరుగుతూ ఒడ్డుకొచ్చాయి. కర్నల్ గారు తెల్లగుడ్డల మూట విప్పలేదు.

వెంకీ తడిసిన బూట్లతో గుడారం దాకా పరుగెత్తుకొచ్చాడు. "సాబ్! ఈపాలి బతికేసినాను!"

నరసింగరావు అతన్ని పట్టుకుని రెండు భుజాలూ తడిమి చూశాడు. తర్వాత బూట్లు విప్పి, ప్యాంటు మడుచుకుని కెరటం దగ్గరికి నడిచాడు. మొదటి అల పాదాల కింద ఇసక లాగేస్తుంటే ఒక్కడుగు వెనక్కి వేశాడు. తర్వాతి అలకి కదల్లేదు.

"లోతుకి ఎల్లకండి సాబ్, మీకు ఈత రాదు!" అని వెనకనించి వెంకీ అరిచాడు.

"నేర్పుదువుగాని రారా," అన్నాడు నరసింగరావు.